మంచులో బంగారుతీగ

మాది కొల్లేరు పక్క ఊరు. చేపంటే మాకు లెక్క టన్నుల్లోనే. తెల్లవారుజామున చెరువు లాగడం, డబ్బాల్లో ఐసు కొట్టడం, లారీ హౌరా వైపు బయల్దేరడం - ఇదీ నాకు తెలిసిన చేపల కథ. అలాంటివాణ్ణి, 2010 డిసెంబరులో ఇంగ్లండ్‌లో ఒక చెరువు గట్టున ఐదు గంటలు కూర్చుని, ఒక్కటంటే ఒక్క చేప పడాలని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. బ్రిటన్‌లో అంతకు ముందు వందేళ్ళలో అంత చలి డిసెంబరు లేదు. ముందురోజు నిర్వాహకులు చెరువు మీది మంచు పగలగొట్టి ఉంచారు. పొద్దున్నకి మళ్ళీ పలచగా పేరుకుంది.

ఇందులోకి నన్ను దింపింది మా వీధిలో ఉండే ఒక పెద్దాయన. షెఫీల్డ్ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. నలుగురి జట్టుకి ఆయన కెప్టెన్. ఒకాయనకి జ్వరం వచ్చింది, మనిషి తక్కువయ్యాడు. "చేపల ఊరివాడివి కదా, రా" అన్నాడు. ఎండాకాలం ఆయనతో నాలుగైదుసార్లు గాలం వేసిన ధైర్యంతో సరేనన్నాను.

అక్కడ పట్టే చేప కార్ప్. మన బంగారుతీగే. నిజానికిది మనకీ పరాయిదే. 1939లో సిలోన్ నుంచి నీలగిరికి ఒక రకం, 1957లో బాంకాక్ నుంచి ఇంకో రకం వచ్చాయి. ఇంగ్లండుకీ పరాయిదే. దీని పుట్టిల్లు డాన్యూబ్, నల్లసముద్రం వైపు. యూరప్‌లో మఠాల్లో సన్యాసులు ఉపవాసాల రోజుల్లో తినడానికి చెరువుల్లో పెంచేవారు. 1496లో ఇంగ్లండ్‌లో అచ్చయిన గాలపు వేట పుస్తకం, ఈ చేప ఈ దేశంలో అరుదు అని చెబుతుంది. పోలండ్‌లో, చెక్ దేశంలో ఇప్పటికీ క్రిస్మస్ రాత్రి భోజనంలో ఇదే ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు మాత్రం తినడం మానేసి, పట్టి వదలడం నేర్చుకున్నారు.

పోటీల సంగతి మా కెప్టెన్ ఊరితోనే మొదలెట్టాలి. షెఫీల్డ్, లీడ్స్, బర్మింగ్‌హామ్ లాంటి ఊళ్ళలో ఫ్యాక్టరీ కార్మికులు క్లబ్బులు కట్టుకుని, సెలవురోజు రైలెక్కి నదుల మీదికి పోయేవారు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపాలని 1878లో చట్టం వచ్చింది. దాన్ని పార్లమెంటులో పెట్టినాయన షెఫీల్డ్ సభ్యుడు ముండెల్లా. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా గాలం ముట్టకూడదు. (నదులకి ఈ నియమం ఇప్పటికీ ఉంది, చాలా చెరువులకి 1995లో ఎత్తేశారు.) చూశారా, వేటకి మిగిలిన తొమ్మిది నెలల్లో చలికాలం మొత్తం పడింది! అంచేత చలిలో కూర్చోవడం అక్కడివాళ్ళకి వంశపారంపర్యం. 1903లో క్లబ్బులన్నీ కలిసి జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. 1906 నుంచి జట్లకి జాతీయ పోటీలు నడిచాయి, జట్టుకి పన్నెండుమంది.

ఐతే చలికాలం కార్ప్ పడదనే నమ్మకం చాలాకాలం ఉండేది. అది బురదలో నిద్రపోతుందనుకునేవారు. 1952 సెప్టెంబరులో రిచర్డ్ వాకర్ అనే ఇంజనీరు రెడ్‌మైర్ అనే చిన్న చెరువులో 44 పౌన్లది, అంటే దాదాపు 20 కిలోలది పట్టాడు. దాన్ని కోసి కూర వండలేదండోయ్, లండన్ జూకి ఇచ్చాడు. అది 1971 దాకా అక్కడ బతికింది. అదృష్టం మీద వదిలేసిన చేపని లెక్కగా, ఓపిగ్గా పట్టవచ్చని ఆయన చూపించాడు. ఆ తరవాతి తరం అదే పట్టుదలని చలికాలానికీ తెచ్చింది. కార్ప్ నిద్రపోదు, నెమ్మదిస్తుందంతే. దాని ఒంటి వేడి నీళ్ళ వేడిని బట్టే ఉంటుంది. నీళ్ళు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, మేత తగ్గిపోతుంది. 4 డిగ్రీల దగ్గర నీళ్ళు అన్నిటికంటే బరువు కాబట్టి అవి అడుక్కి చేరతాయి. పైన మంచు కట్టినా కింద చేప బతుకుతుంది.

ఇక మా పోటీ. ఎనిమిది జట్లు, జట్టుకి నలుగురు. చెరువుని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ప్రతి జట్టు నుంచీ ఒక్కణ్ణి కూర్చోబెడతారు. ఎవరు ఏ పెగ్గులో కూర్చోవాలో చీటీ తీస్తారు. (పెగ్గు అంటే గట్టు మీద పాతిన గుర్తు, మీరనుకునేది కాదు.) భాగంలో మొదటివాడికి 8 పాయింట్లు, రెండోవాడికి 7, అలా. ఏమీ పట్టనివాడికి 1. తూకం ఎంతైనా లెక్క ఇంతే.

విజిల్ వేశారు. గంటలోపే వేళ్ళు నావి కాకుండా పోయాయి. కర్ర రింగుల్లో నీళ్ళు గడ్డకట్టి దారం కదలదు, మాటిమాటికీ చివర నీళ్ళలో ముంచి కరిగించాలి. రెండు గంటలకి విసుగొచ్చి గుప్పెడు ఎర చల్లబోయాను. దూరం నుంచి కెప్టెన్ అరిచాడు: "వద్దు! ఒక్కో గింజే. కడుపు నిండితే ఇక నీ గాలం చూడదు." మూడో గంటలో ఆయన దగ్గరికెళ్ళి ఇక నావల్ల కాదన్నాను. ఆయన తిట్టలేదు. తన భాగంలో తనకీ ఏమీ పడలేదని మాత్రం చెప్పాడు. వెనక్కొచ్చి కూర్చున్నాను.

ఇంకో ఇరవై నిమిషాల్లో విజిల్ అనగా బెండు మునగలేదు గానీ, కాస్త పక్కకి వాలింది. లాగాను. బరువు తగిలింది. వలలోకి వచ్చేదాకా ఊపిరి తియ్యలేదు. తూకం వేస్తే 700 గ్రాములు! మా ఊళ్ళో ఐతే ఇంకా పెరగాలని వదిలేసే సైజు.

మా భాగంలో ఎనిమిదిమందిలో ఐదుగురికి అసలేమీ పడలేదు. మొదటివాడు ఐదు కిలోలు పట్టి 8 పాయింట్లు తీసుకున్నాడు. నేను మూడో స్థానంలో 6 తీసుకున్నాను. కెప్టెన్‌కి చివరిదాకా సున్నాయే. అయినా మా జట్టు మూడోదిగా నిలిచింది, నాలుగో జట్టుకంటే రెండు పాయింట్లు ఎక్కువ. నా చేప పడకపోతే ఐదు పాయింట్లు పోయేవి. ఆయన చేతులు నీళ్ళలో తడుపుకుని (పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి జిగురు ఊడుతుందట) దాన్ని మంచు ముక్కల మధ్య మెల్లగా వదిలాడు. వేళ్ళు అప్పటికే నీలంగా ఉన్నాయి.

ఆ రాత్రి మా బాబాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయనకి అరవై ఎకరాల చెరువుంది.

"వండుకున్నార్రా?"

"లేదు బాబాయ్, వదిలేశాం."

కాసేపు మాట్లాడలేదు. ఆయన నవ్వుతాడేమోనని కెప్టెన్ చెప్పిన ఒక్కో గింజ సంగతి కూడా చెప్పాను.

"ఆయనెవరో పనోడేరా" అన్నాడు బాబాయి. "చలిలో మేత తగ్గించాలని తెలియకే కదా, నేను మొదట్లో ఒక చెరువు పోగొట్టుకున్నది."

ఆ చెరువు సంగతి అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు.