విద్యుత్తు పోటు - దాని కట్టడి



గత వర్షాకాలమున మా వీధిలో న్యూట్రల్ తీగ తెగినది. ఆ రాత్రి మా రేడియోలోని రక్షకపు బిళ్ళ కాలి బొగ్గయ్యెను. ఫ్యూజు తెగుటచే రేడియో దక్కినది. బిళ్ళ నమ్మినవాడు "ఇది పిడుగుపోటుకైనను వెరవదు" అని యుండెను. ఆ మాట యసత్యము గాదు, అసంపూర్ణము.

ఈ విద్యకు మూలపురుషుడు అమెరికా దేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్. మెరుపు విద్యుత్తే యను ఆయన యూహను 1752 మే నెలలో ఫ్రాన్సునందలి మార్లీ గ్రామమున ఇనుపకడ్డీ నిలిపి నిజమని తేల్చిరి. మరుసటి యేట సెయింట్ పీటర్స్‌బర్గులో రిక్మన్ అను శాస్త్రజ్ఞుడు, కొలుచుటకై కడ్డీని నేలతో గలుపక గదిలోనికి దెచ్చుకొని, మెరుపు సోకి మరణించెను. నేలకు దారి లేని మెరుపు మనుష్యునే దారిగా జేసికొనినది.

పిమ్మట తంతి తీగలకును నేలకును నడుమ సన్నని సందు విడిచిరి. మామూలు విద్యుత్తు దానిని దాటజాలదు. పిడుగుపోటు రవ్వయై దాటి నేల జేరును. ఇంటి తీగలకు మాత్రమీ యుపాయము చాలదు. రవ్వ లేచినపిదప, పోటు పోయినను, ఇంటి విద్యుత్తే దాని వెంట పారుచుండును. నేటి వాయునాళమునకును ఈ దోషమే కలదు. కావున దానిని ఇంటి తీగల నడుమ ఒంటరిగా నుంచరాదు.

ఈ చిక్కును 1960ల చివర జపానులో, మట్సుషిటా సంస్థయందు, మట్సుయోకా మిచియో చక్కగా విప్పెను. మన వైద్యులు యశద భస్మమనునట్టి జింకు ఆక్సైడునకు బిస్మతు మున్నగువాని నించుక చేర్చి కాల్చినదే ఆయన బిళ్ళ, వారిస్టరు. అందలి కణముల సరిహద్దు ఒక్కొక్కటి సుమారు 3 వోల్టుల నడ్డును. మందము హెచ్చిన కొలది అడ్డు హెచ్చును. పోటు తగ్గగనే అది తిరిగి మూసికొనును.

మన 230 వోల్టులకు శిఖరము 325. అందుచే 275 గుర్తు గల బిళ్ళ వాడుక. అది క్షణమాత్రపు పోటును సుమారు 700 వోల్టులకు దించును. న్యూట్రల్ తెగి 400కు చేరువైన విద్యుత్తు నిలిచియున్నచో నది యోర్వజాలదు. 385 బిళ్ళ చాలవరకు ఓర్చును గాని, పోటును 1000 దనుక లోనికి విడుచును. బిళ్ళను గాచిన రేడియోకు భారము, రేడియోను గాచిన బిళ్ళకు భారము.

మా యూరి తీగల సంగతి యెరిగి నేను 385 నే యెన్నితిని. ప్రతి పోటునకును బిళ్ళ కొంత క్షీణించును గనుక, వేడెక్కినచో తెగునట్టి ఉష్ణ ఫ్యూజును దానికి తాకించి పెట్టించితిని. రిక్మన్‌ను దలచుకొని, ఎండిన ఎర్తు గుంటలో నాలుగు బిందెల నీరు పోయించితిని.