త్రుప్పు కథ: ఉక్కు మూస నుండి కారు పొగగొట్టము వరకు

నేటి నా ప్రసంగ విషయము త్రుప్పు. ఇంత అల్పవిషయమును చెప్పుటకు ఒక ముసలి తెలుగు పండితుడు ఏల పూనెనా యని మీరు నవ్వుకొనవచ్చును. కాని రాజ్యములను కూల్చిన శత్రువుల కథలను బడిలో ముప్పది యేండ్లు చెప్పిన నేను, ఏ రాజ్యపు ఆయుధమును విడువని ఈ శత్రువు కథ నొకనాడును చెప్పి యెరుగను. ఆ లోపమును గుర్తునకు తెచ్చినది మా ముదిగుబ్బలో జరిగిన చిన్న సంగతి.

మా తమ్ముని కుమారునకు ఒక పాత కారు కలదు. దాని పొగగొట్టము చెడిపోగా, కారు చేసినవారి సరకు వెల హెచ్చని, బయటివారు చేసిన గొట్టమును ఒక పట్టణపు అంగడిలో కొని బిగింపించెను. అది వెండివలె మెరయుచుండెను. నాలుగు నెలలు గడవకమునుపే అతుకుల చుట్టును ఇటుకరంగు మచ్చలు పొడసూపినవి. “పెద్దనాయనా! త్రుప్పు పట్టని ఉక్కని చెప్పి నన్ను మోసగించినారు. రేపే పోయి నిలదీసెదను” అని వాడు మండిపడెను. “నిలదీయుటకు ముందు తెలిసికొనుము” అంటిని. నాకును ఒక సందేహము కలిగెను. మాది వాన కరవైన సీమ. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియును. నీరు లేనిదే త్రుప్పు పుట్టదు. మరి ఈ నీరెక్కడిది?

ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు కొంత పూర్వచరిత్ర విన్నవించెదను.

ఇనుమును ఎరిగిన నాడే మనవారు త్రుప్పునెరిగిరి. రాగి యిత్తడులకు చిలుము, ఇనుమునకు త్రుప్పు అని వేరువేరు పేర్లు పెట్టిరి. ఇనుప మలినమును సంస్కృతమున మండూరమందురు. వైద్యులు దానిని శుద్ధిచేసి ఔషధముగా కూడ వాడిరి. మన రైతులు దుక్కి ముగియగానే కర్రును తుడిచి ఆముదము పూసి చూరునకు చెక్కుట నా చిన్ననాట కన్నులార చూచితిని. గాలికిని తడికిని ఇనుము అందకుండ చేయుటయే దానిలోని మర్మము.

ఢిల్లీలోని ఇనుప స్తంభమును మీలో కొందరు చూచియుందురు. ఆరు టన్నులకు పైబడిన ఆ స్తంభము గుప్తులనాటిది. పదునారు వందల యేండ్లుగా ఎండకును వానకును నిలిచియున్నది. ఆ ఇనుములో భాస్వరము హెచ్చుగా ఉండుటచే పైని ఒక పలుచని పొర యేర్పడి లోపలి ఇనుమును కాపాడుచున్నదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యముగారు నిరూపించిరి. ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. త్రుప్పులన్నియు ఒకటి కావు. లోహమును తినివేయు త్రుప్పు ఒకటి. పైని పొరయై నిలిచి తన లోహమునే కాపాడునది మరియొకటి. ఈ భేదమును మనసున నుంచుకొనుడు.

ఇక మన తెలుగునాటి ముచ్చట. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మట్టిమూసలలో ఇనుమును కరగించి గొప్ప ఉక్కును చేసెడివారు. దానిని కొనుటకు పారశీక వర్తకులు వచ్చుచుండిరి. డాక్టరు వాయిసీ అను ఆంగ్లేయుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. ఆంగ్లేయులు ఈ ఉక్కును ‘ఊట్జు’ అనిరి. తెలుగు కన్నడములలోని ‘ఉక్కు’ శబ్దమే వారి నోట అట్లు మారినదని పెక్కుర అభిప్రాయము.

ఈ ఉక్కు సీమకు పోయి లండనులో మైకేలు ఫారడే చేతిలో పడినది. ఆయన తండ్రి కమ్మరి. ఫారడే, కత్తులు చేయు స్టోడార్టు అను నతనితో కూడి, మన ఉక్కు రహస్యమును కనుగొనగోరి ఇనుములో ఇతర లోహములను కలిపి చూచెను. ఆ ప్రయోగములను 1820లోను 1822లోను ప్రకటించిరి. మన ఉక్కు రహస్యము వారికి చిక్కలేదు. కాని లోహములను కలిపిన ఇనుము గుణము మారునను విచారణకు అవి గొప్ప ప్రేరణ లయ్యెను. ఆ కాలముననే, 1821లో, ఫ్రాన్సు దేశమున బెర్త్యే అను నతడు క్రోమియము కలిపిన ఇనుము ఆమ్లములకు లొంగదని చూచెను. తొంబది యేండ్లు గడచిన పిమ్మట, 1913లో, షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ తుపాకి గొట్టములు వేడి వాయువులకు అరిగిపోకుండుటకు తగిన ఉక్కును వెదకుచు, నూటికి పండ్రెండు పాళ్ళకు పైగా క్రోమియమున్న ఉక్కును పోత పోయించెను. అది త్రుప్పునకు లొంగదయ్యెను. మన వంటయింటి స్టీలు గిన్నెల వంశమునకు అదియే మూలపురుషుడు.

క్రోమియము గాలిలోని ఆమ్లజనితో కలిసి కంటికి కానరాని పొరగా ఏర్పడును. గీత పడినను ఆ పొర మరల అల్లుకొనును. ఢిల్లీ స్తంభమును కాచిన ధర్మమే ఇచటను పనిచేయుచున్నది. కాచు పొర మాత్రమే వేరు.

2019లో మా పెనుకొండ చెంత ఎర్రమంచి వద్ద ఏటికి మూడు లక్షల కార్లు చేయగల కియా కర్మాగారము ప్రారంభమైనది. విజయనగర రాజులకు 1565 తరువాత రాజధానియైన పెనుకొండ నేడు కార్లకు పేరుపొందినది. ఊరూర కార్లు పెరిగినవి గనుక పొగగొట్టపు ధర్మము పెద్దలును తెలిసికొనవలసిన కాలము వచ్చినది.

ఇప్పుడు నా ప్రశ్నకు బదులు. ఆ నీరు ఆకాశమునుండి వచ్చినది కాదు, నిప్పునుండి వచ్చినది! పెట్రోలులో ఉదజని కలదు. అది మండినప్పుడు ఆమ్లజనితో కూడి నీరగును. ఒక లీటరు పెట్రోలు మండిన సుమారు ఒక లీటరు నీరు పుట్టును. దూరప్రయాణమున గొట్టము బాగుగా కాగి ఆ నీరు ఆవిరియై పోవును. ఇంటినుండి బస్టాండునకును, బస్టాండునుండి ఇంటికిని తిరుగు బండిలో గొట్టము కాగకమునుపే యంత్రము ఆగును. నీరు లోపలనే నిలుచును. మావాని కారు నాలుగు నెలలును అట్లే తిరిగినది.

మా ఊరి మెకానికు బండిని పైకెత్తించి మాకు చూపెను. సైలెన్సరు అడుగున సన్నని రంధ్రమొకటి కలదు. నీరు కారుటకు చేసిన ఆ రంధ్రమును బిగించినవారు లోపమనుకొని మూసివేసియుండిరి. అతుకుల యొద్ద వేడికి లోహపు పైపొర చెడినది. ఇనుప బ్రష్షుతో రుద్దగా ఇనుప రేణువులు అంటినవి. మచ్చలు అచ్చటనే పుట్టినవి. గీకి చూడగా అడుగున లోహము గట్టిగనే యున్నది.

అయస్కాంతము అంటినది గనుక ఇది స్టెయిన్‌లెస్సు కాదని మావాడు వాదించెను. ఆ పరీక్ష చాలదు. పదునెనిమిది పాళ్ళ క్రోమియమును ఎనిమిది పాళ్ళ నికెలును గల 304 రకము సామాన్యముగా అయస్కాంతమునకు అంటదు. పదకొండు పాళ్ళ క్రోమియము గల 409 రకము అంటును. పైని గోధుమరంగు తిరుగుటయు దానికి సహజము. మామూలు ఇనుమును అంటును. చీటీలో ఏ రకమో వ్రాయించుకొననందున అంగడివానిని తప్పుపట్టుటకు మాకు సాక్ష్యము లేకపోయెను. కొనునప్పుడే రకమును చీటీలో వ్రాయించుకొనుడు.

అసలు భయము వేరొకచోట బయటపడెను. ముందరి అతుకు నొద్ద మసి చారిక యొకటి కనబడెను. అచ్చట పొగ కారుచుండెను. కదిరికి పోయి వచ్చినప్పుడెల్ల మా మరదలికి తలనొప్పి వచ్చుచుండ, ఎండదెబ్బ యనుకొని మజ్జిగ త్రాగించుచుంటిమి! ఆ పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగును వాసనయు లేవు. అది రక్తమున చేరి ప్రాణవాయువును అందనీయదు. హెచ్చైన ప్రాణమునే హరించును. ఆమె తలనొప్పికి అదియే కారణమని నేను నిర్ధారణ చేయజాలను; కాని ఆ మసిని చూచిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేము మచ్చలను గూర్చి తగవాడుచుంటిమి. ప్రాణము కారు అతుకు మా కంటబడనేలేదు.

అతుకు సరిచేయించి, రంధ్రము తెరిపించి, మచ్చలను స్టెయిన్‌లెస్సు బ్రష్షుతో రుద్ది, కడిగి, ఆరబెట్టి, అధికమైన వేడికి ఓర్చు రంగు పూయించితిమి. మామూలు రంగు మాడిపోవును. కర్రునకు పూసినట్లు ఆముదము పూయరాదు. అది పొగలెత్తి మండును. వారమున కొకసారి అరగంట సేపు బండిని దారిమీద నడపుమని మావానికి చెప్పితిని. మూసిన కొట్టములో యంత్రమును తిప్పి ఉంచరాదు. బండిలో కూర్చున్నవారికి తలనొప్పియో తలతిరుగుటయో కలిగిన తక్షణము బండి నాపి బయటికి రావలెను. పిమ్మట గొట్టమును చూపింపవలెను.

శ్రోతలారా! త్రుప్పు తొలిదినములలో మచ్చ, ఉపేక్షించిన రంధ్రము. పైపై మచ్చయేదో, లోతు గాయమేదో గీకి చూచినగాని తెలియదు. కోపముతో బయలుదేరినవాడు అంగడికి పోవును. ఓర్పుతో బయలుదేరినవాడు బండి క్రిందికి వంగి చూచును. మా యింట ఆ వంగి చూచుటయే మేలు చేసినది. మీ యిండ్లలోని బండ్లను కూడ ఒకసారి వంగి చూడుడని వేడుకొనుచున్నాను.