సర్పంచ్ వాట్సాప్‌లో పెట్టే పోస్టు వేరు, గ్రామసభ నోటీసు వేరు: ఊరి సంగతులు తెలుసుకోవడంలో మీ హక్కులేంటి?

ఉద్యోగం కోసమో, పిల్లల చదువుల కోసమో మీరు నగరంలో ఉంటున్నా సొంతూరి కబుర్లు ఇప్పుడు ఫోన్‌కే వస్తున్నాయి. సీసీ రోడ్డుకు శంకుస్థాపన చేశారని, కాలువలో పూడిక తీయించారని, తాగునీటి ట్యాంకు కడిగించారని సర్పంచ్‌లు, వార్డు సభ్యులు, ఎంపీటీసీలు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెడుతున్నారు. ఇది మంచిదే. ఒకప్పుడు ఊరికి వెళ్తే తప్ప తెలియని విషయాలు ఇవి.

అయితే ఒక్క సంగతి గమనించాలి. శంకుస్థాపన ఫొటో మీకు చేరేసరికి ఆ రోడ్డు ఏ వీధిలో వేయాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్న నిర్ణయాలు అయిపోయి ఉంటాయి. నిర్ణయానికి ముందే అడిగే అవకాశాన్ని చట్టం మీకు ఇచ్చింది. దాని పేరు గ్రామసభ. పల్నాడు జిల్లా పెదకూరపాడును ఉదాహరణగా తీసుకుని ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో, ఫోన్‌లో ఏమేం చూడొచ్చో తెలుసుకుందాం.

ఏ పనికి ఎవరిని అడగాలి?

ఊరి గ్రూపుల్లో ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి. ఒకరి పరిధిలో లేని పని గురించి వారిని నిలదీస్తుంటారు. కాబట్టి ముందు ఎవరి బాధ్యత ఏమిటో తెలియాలి.

వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త సేకరణ, ఊళ్లో తాగునీటి సరఫరా, అంతర్గత రోడ్లు ప్రధానంగా గ్రామ పంచాయతీ చూసుకుంటుంది. ఇందులో సర్పంచ్, ఉప సర్పంచ్, వార్డు సభ్యులు ఎన్నికైనవారు. రికార్డులు, రోజువారీ పరిపాలన పంచాయతీ కార్యదర్శి చేతిలో ఉంటాయి.

ఆ పైన మండల పరిషత్. ఎంపీటీసీ సభ్యులు అందులో ఉంటారు, వారిలో ఒకరు ఎంపీపీ అవుతారు. ఆ పైన జిల్లా పరిషత్. మండలానికి ఒక జడ్పీటీసీ సభ్యుడు లేదా సభ్యురాలు ఉంటారు. పాఠశాల బోర్డు చూస్తేనే ఈ తేడా కొంత అర్థమవుతుంది. ఊళ్లో ప్రాథమిక పాఠశాలపై 'మండల పరిషత్' అని, హైస్కూలుపై 'జిల్లా పరిషత్' అని రాసి ఉంటుంది.

పెదకూరపాడు విషయంలో మరో చిన్న చిక్కు ఉంది. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కలెక్టర్ కార్యాలయం మారింది గానీ, జిల్లా పరిషత్ మాత్రం ఉమ్మడి గుంటూరు పేరుతోనే కొనసాగింది. అందుకే కొన్ని పంచాయతీ రికార్డుల్లో ఇంకా గుంటూరు అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

పింఛన్లు, రేషన్ కార్డుల వంటివి రాష్ట్ర ప్రభుత్వ పథకాలు. వాటి దరఖాస్తులను 2019 అక్టోబర్ 2 నుంచి వచ్చిన గ్రామ సచివాలయాల్లో తీసుకుంటున్నారు. ఇక వీధి దీపం వెలగకపోతే పంచాయతీని అడగాలి. కరెంటు తీగ తెగిపడితే విద్యుత్ పంపిణీ సంస్థకు ఫోన్ చేయాలి.

పోస్టుకూ నోటీసుకూ తేడా ఏమిటి?

సర్పంచ్ ఫోన్‌లో పెట్టే పోస్టు ఆయన లేదా ఆమె ఇష్టపూర్వకంగా ఇచ్చే సమాచారం. అందులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అనేది వారి ఇష్టం. మిమ్మల్ని గ్రూపులోంచి తీసేయడం కూడా అడ్మిన్ చేతిలో పనే.

గ్రామసభ అలా కాదు. రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ద్వారా చేరిన 243ఎ అధికరణం గ్రామసభకు రాజ్యాంగ గుర్తింపు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం-1994లోని 6వ సెక్షన్ దాని పనితీరును చెబుతుంది. ఏటా కనీసం రెండు సార్లు సభ జరగాలి. ఇది కనిష్ఠం మాత్రమే, ప్రభుత్వం ఆదేశిస్తే అంతకన్నా ఎక్కువసార్లు కూడా పెడతారు. తెలంగాణలో ఊరు ఉన్నవారికి నియమం వేరు. అక్కడి 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి.

సభ ఉందని పాతకాలంలో దండోరా వేయించేవారు. పంచాయతీ నోటీసు బోర్డులో అంటించేవారు. ఇప్పుడు మైకు ప్రచారం, వాట్సాప్ సందేశం కూడా తోడయ్యాయి. వాట్సాప్ అదనపు సౌకర్యమే తప్ప నోటీసు బోర్డుకు బదులు కాదు. గ్రూపులో లేనివారికి, స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లకు కూడా కబురు చేరాలి కదా.

సభను స్థానిక పాలనకు ఆధారంగా పెట్టుకున్నది మనమొక్కరమే కాదు. ఇంగ్లండ్‌లో గ్రామ స్థాయి పారిష్ కౌన్సిళ్లు ఉన్నచోట ఏటా మార్చి 1 నుంచి జూన్ 1 మధ్య ఊరి ఓటర్ల సభ జరగాలని 1972 నాటి చట్టం చెబుతోంది. దాని నోటీసును కూడా ముందుగా అందరికీ కనిపించేచోట పెట్టాల్సిందే.

గ్రామసభ ముందుకు ఏమేం రావాలి?

1994 చట్టం ప్రకారం పంచాయతీ ఈ విషయాలను సభ ముందు పెట్టాలి:

- వార్షిక జమాఖర్చుల లెక్కలు, ఆడిట్ నివేదిక
- గడిచిన ఏడాది పరిపాలన నివేదిక
- ఆ ఏడాది చేపట్టే పనుల జాబితా, బడ్జెట్‌లో లేని కొత్త పనులు
- కొత్త పన్నులు లేదా ఉన్న పన్నుల పెంపు ప్రతిపాదనలు
- పథకాల ఎంపిక, లబ్ధిదారుల ఎంపిక, పని జరిగే స్థలం ఎంపిక

నాలుగో అంశం మీకు నేరుగా తగిలేదే. ఊళ్లో ఇల్లు తాళం వేసి ఉన్నా ఇంటి పన్ను కట్టాలి. పన్ను పెంచాలన్న ప్రతిపాదన సభకు వచ్చిన రోజు ఎవరూ మాట్లాడకపోతే, డిమాండ్ నోటీసు వచ్చాక గ్రూపులో ఎంత వాదించినా ప్రయోజనం తక్కువ.

చివరి అంశం ఊళ్లో ఉన్నవారికి ఇంకా ముఖ్యం. సైడు కాలువ ఏ వీధికి ముందు రావాలన్నది అక్కడే తేలాలి. పెద్ద గొంతు ఉన్నవారి వీధికే ముందు పని రాకుండా చూసే చోటు అదే.

మీ ఓటు నగరానికి మారిపోతే?

గ్రామసభలో సభ్యులు ఎవరంటే, ఆ గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ. ఊళ్లో ఆస్తి ఉండటం, పుట్టి పెరగడం లెక్కలోకి రావు. హైదరాబాద్‌లో ఓటు నమోదు చేసుకుని ఊరి ఓటు తీసేయించుకుంటే మీరు ఇక ఆ సభలో సభ్యులు కారు. రెండు చోట్లా ఓటు ఉంచుకోవడం చట్టవిరుద్ధం.

అంతమాత్రాన చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఓటు ఉన్న మీ అమ్మానాన్నలో, అన్నదమ్ములో మీ ప్రశ్నను సభలో అడగొచ్చు. అదీ కుదరకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. దానికి ఆ ఊరి ఓటు అవసరం లేదు, భారత పౌరులైతే చాలు.

ఒకేరోజు 13,326 గ్రామసభలు

గ్రామసభ అంటే కాగితాల మీద జరిగే తంతు అనే మాట ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టడంతో ఈ పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఉపాధి హామీ కింద చేపట్టాల్సిన పనులపై ఆరోజు తీర్మానాలు చేశారు. ఉప ముఖ్యమంత్రి, పంచాయతీరాజ్ శాఖ మంత్రి పవన్ కల్యాణ్ రైల్వే కోడూరు నియోజకవర్గంలోని మైసూరావారిపల్లె సభకు హాజరయ్యారు.

మీ ఊరికి సంబంధించి మీరు అడగాల్సిన ప్రశ్న తేలికైనది. ఆరోజు మన పంచాయతీలో ఏ పనులు తీర్మానించారు? వాటిలో ఎన్ని పూర్తయ్యాయి? జవాబు తీర్మానాల పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం కార్యదర్శి దగ్గర ఉంటుంది.

డబ్బు లెక్క ఫోన్‌లో ఎలా చూడాలి?

కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌ను ప్రారంభించింది. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, ఏ పనికి ఎంత కేటాయించారు, ఎంత చెల్లించారు అన్న వివరాలు అందులో ఉంటాయి. దీనికి లాగిన్ అక్కర్లేదు. ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం వరుసగా ఎంచుకోవాలి. పల్నాడు కింద మీ ఊరు కనిపించకపోతే, పైన చెప్పిన కారణం వల్ల గుంటూరు కింద వెతికి చూడండి. ఇవే వివరాలు 'మేరీ పంచాయత్' యాప్‌లో కూడా చూడొచ్చు.

లెక్కలు చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పంచాయతీకి వచ్చే డబ్బంతా ఇష్టమైన పనికి వాడటానికి వీల్లేదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన సాధారణ గ్రాంటుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలి. మిగతా 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడొచ్చు, కానీ జీతాలకు వాడకూడదు. 'నిధులు వచ్చాయి కదా, మా వీధి రోడ్డు ఎందుకు వేయలేదు' అని అడిగే ముందు అవి ఏ పద్దు కింద వచ్చాయో చూడాలి. అప్పుడు ప్రశ్న గట్టిగా ఉంటుంది, సర్పంచ్‌కు కూడా దాటవేసే వీలుండదు.

జవాబు రాకపోతే ఏం చేయాలి?

మొదట పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటకు రికార్డు ఉండదు.

తర్వాత సమాచార హక్కు చట్టం-2005 కింద దరఖాస్తు చేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. రిజిస్టర్డ్ పోస్టులో నగరం నుంచే పంపొచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లొచ్చు. 'అన్ని వివరాలూ ఇవ్వండి' అని రాయకండి. ఫలానా తేదీ గ్రామసభ తీర్మానం నకలు, హాజరు పట్టిక నకలు, ఫలానా పని అంచనా నకలు అని విడివిడిగా అడగండి.

సమాచారం కాకుండా సమస్య పరిష్కారం కావాలంటే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. కలెక్టరేట్లలో సోమవారాలు అర్జీలు తీసుకుంటారు. 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ సేవ, 95523 00009 నంబర్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఇది ప్రభుత్వ వాట్సాప్. ఊరి గ్రూపుతో దీన్ని కలపొద్దు. ఊరి గ్రూపులో పెట్టిన ఫిర్యాదుకు రసీదు నంబర్ రాదు.

సర్పంచ్ లేని సమయంలో?

పంచాయతీ పాలకవర్గం గడువు ఐదేళ్లు. ఎన్నికలు ఆలస్యమైతే ప్రభుత్వం ప్రత్యేకాధికారులను నియమిస్తుంది. 2018 ఆగస్టులో గడువు ముగిశాక, 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల ఎన్నికలు జరిగేవరకు రాష్ట్రంలో పంచాయతీలు ప్రత్యేకాధికారుల కిందే నడిచాయి. అలాంటప్పుడు గ్రూపులో పోస్టులు పెట్టే సర్పంచ్ ఉండకపోవచ్చు. గ్రామసభ మాత్రం రద్దు కాదు, ఎందుకంటే అది ఓటర్ల సభ. లెక్కలు చూపాల్సిన బాధ్యత కూడా పోదు.

మంచి పోస్టులో ఏం ఉండాలి?

మీ సర్పంచ్, వార్డు సభ్యులు ఊరి సంగతులు పంచుకుంటున్నారంటే మెచ్చుకోవాల్సిందే. ఫొటోతో పాటు ఐదు వివరాలు జోడించమని మర్యాదగా అడగండి: పని పేరు, అంచనా మొత్తం, ఏ నిధుల నుంచి, ఏ తేదీ తీర్మానం ప్రకారం, ఎప్పటికి పూర్తవుతుంది. అలాగే తర్వాతి గ్రామసభ తేదీ, చర్చించే అంశాలు ముందుగా పెట్టమనండి. నిజాయతీగా పనిచేసే నాయకులకు ఇది రక్షణ కూడా. లెక్క అందరికీ తెలిస్తే పుకార్లకు చోటుండదు.

మీ వైపు నుంచి కూడా కొన్ని జాగ్రత్తలు అవసరం. పథకానికి దరఖాస్తు అంటూ ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్ ఫొటో గ్రూపులో పెట్టకండి. లబ్ధిదారుల జాబితా పేరుతో తిరిగే ఫార్వర్డులను సచివాలయంలో సరిచూసుకున్నాకే నమ్మండి. ఇంటి పన్నును ఎవరో పంపిన క్యూఆర్ కోడ్‌కు కట్టొద్దు, పంచాయతీ రసీదు వచ్చే మార్గంలోనే కట్టండి.

ఈ వారం మీరు చేయగలిగిన పనులు మూడు. ఓటరు జాబితాలో మీ పేరు ఏ ఊళ్లో ఉందో చూసుకోండి. ఈ-గ్రామస్వరాజ్‌లో మీ పంచాయతీ ఈ ఏడాది ప్రణాళిక తెరిచి చూడండి. తర్వాతి గ్రామసభ ఎప్పుడో కార్యదర్శిని అడిగి, ఆ తేదీని మీ ఇంట్లో ఓటున్న పెద్దవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.