బుల్లెట్ కామ్ నుంచి లుసైల్ దాకా

దోహాలో మేముండే అల్ మన్సూరాలో శుక్రవారం భోజనాలయ్యాక కబుర్లు ఎటైనా పోతాయి. ఆమధ్య ఒక తమ్ముడు మడతపెట్టిన కాగితం తీసి, "అన్నా, బండికి కామ్ మార్పిద్దామనుకుంటున్నా, ఇది చూడండి" అన్నాడు. డైనో మీద తీయించిన అతని మోటార్‌సైకిల్ జాతకం అది. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైనా చదివింది మెకానికల్ ఇంజనీరింగ్ కదా, నోరు ఊరుకోలేదు. ఆనాటి కబుర్లే ఈ వ్యాసం.

ఇంజన్ బలాన్ని కొలిచే విద్య పాతదే. 1821లో ఫ్రాన్స్‌లో గాస్పార్ ద ప్రోనీ తిరిగే ఇరుసుకు చెక్క దిమ్మెలు బిగించి, ఆ రాపిడిని నిలబెట్టడానికి ఎంత బరువు కావాలో చూసి లెక్కగట్టాడు. బ్రేక్ హార్స్‌పవర్ అనే మాటలోని బ్రేక్ అదే! 1877లో విలియం ఫ్రౌడ్ చెక్కకు బదులు నీళ్లు వాడాడు. ఇప్పటి మోటార్‌సైకిల్ డైనోల్లో చాలావాటికి వెనక చక్రం కింద బరువైన ఉక్కు డ్రమ్ము ఉంటుంది. అది ఎంత త్వరగా వేగం అందుకుందో చూసి టార్క్ తేలుస్తారు.

ఇక కామ్. వాల్వులు ఎప్పుడు, ఎంత, ఎంతసేపు తెరుచుకోవాలో చెప్పే మేస్త్రీ అది. ఎక్కువసేపు తెరిచి ఉంచితే పరుగులో ఇంజన్‌కు గాలి బాగా అందుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు మాత్రం లోపలికొచ్చిన గాలిలో కొంత వెనక్కి తన్నుకుపోతుంది.

ఇది నేను పుస్తకంలో కంటే ముందు నాన్నగారి బండి దగ్గర నేర్చుకున్నాను. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పుట్టిన బుల్లెట్, 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా ద్వారా మన పక్కనే తిరువొత్తియూరు చేరింది. 350 బుల్లెట్ సిలిండర్ 70 మిల్లీమీటర్ల బోరు, 90 స్ట్రోకు. అంత పొడుగు స్ట్రోకు ఇంజన్ పరుగుకు కాదు, లాగడానికి పుట్టింది. పాయింట్లు ఎప్పుడు విడుతున్నాయో అమ్మీటర్ ముల్లు కదలికను బట్టి చెప్పే మెకానిక్కులు ఊరూరా ఉండేవారు. కాలేజీ రోజుల్లో, నాన్నగారు ఊళ్లో లేనప్పుడు, ఒక మెకానిక్ చేత ఆ రెండు కామ్‌లనూ సాన పట్టించి లిఫ్టు పెంచాను. స్ప్రింగుల సంగతి ఇద్దరం ఆలోచించలేదు. హైవే మీద నాలుగు రోజులు గర్వంగా తిరిగాను. శ్రీశైలం ఘాట్‌లో సగం దూరం బండి ఈడ్చింది, పైన కాస్త గట్టిగా తిప్పేసరికి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుని పుష్‌రాడ్ వంగింది. లారీలో ఇంటికి తెచ్చాం. నాన్నగారు తిట్టలేదు, "పాత కామ్‌లు ఏవిరా?" అన్నారంతే. అరగదీసినవే అవి. కొత్తవి కొన్నది ఆయన జీతంలోంచే. ఆ ప్రశ్న ఇప్పటికీ గుచ్చుతుంది.

స్ప్రింగు బాధ రేసుల్లో పెద్దవాళ్లకూ ఉంది. ఇటలీలో డుకాటీ ఇంజనీరు ఫాబియో టాలియోని వాల్వును తెరవడమే కాదు, మూయడం కూడా కామ్‌కే అప్పగించాడు. ఆ డెస్మో 125 సీసీ బండి 1956లో స్వీడిష్ గ్రాండ్ ప్రిలో తొలిసారే గెలిచింది. యాభై ఏళ్ల తర్వాత ఆ ఆలోచన మా గుమ్మం ముందుకొచ్చింది. దోహాకు ఉత్తరాన ఉన్న లుసైల్ సర్క్యూట్‌లో మోటోజీపీ 2004 అక్టోబర్ 2న మొదలైంది. 2007లో ఇంజన్లను 990 నుంచి 800 సీసీకి తగ్గించారు, దాంతో అందరూ ఆర్‌పీఎం వెంట పడ్డారు. ఆ మార్పు తర్వాత తొలి రేసు ఇక్కడే, మార్చి 10న. రోసీ యమహాకు అప్పటికి ఉక్కు స్ప్రింగులే. మలుపుల్లో అతను దాటడం, కిలోమీటరు పైచిలుకు స్ట్రెయిట్‌లో డుకాటీ మీద స్టోనర్ మళ్లీ దాటేయడం! స్టోనర్‌దే గెలుపు, ఆ ఏడాది చాంపియన్‌షిప్పూ అతనిదే. అంతా డెస్మో మహిమే అంటే నేనొప్పుకోను. ఎలక్ట్రానిక్స్, టైర్లు, ముఖ్యంగా నడిపినవాడి ధైర్యం లేవా?

తమ్ముడి కాగితం దగ్గరికి వస్తే, అది ఆగస్టులో తీసినది, ఉష్ణోగ్రత సవరణ వేయలేదు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 6 శాతం తక్కువ. అతను పోయిందనుకున్న బలంలో కొంత ఎండ ఖాతాలోది. పైగా అతను రోజూ తిరిగేది సిగ్నళ్ల మధ్య. ముందు ఎయిర్ ఫిల్టర్ మార్చి, జనవరిలో మళ్లీ డైనో ఎక్కించమన్నాను. కామ్ మార్చినా సరే, పాతవి మాత్రం గుడ్డలో చుట్టి దాచమన్నాను.