మిలిటరీ మాధవరము

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంత మాధవరమను గ్రామము కలదు. లోకులు దానిని మిలిటరీ మాధవరమని పిలుతురు. అచ్చట సైన్యపు కొలువు వంశపారంపర్యము. తాత నడచిన త్రోవను తండ్రి, తండ్రి నడచిన త్రోవను కొడుకు నడచుట ఆచారము. పూర్వము గజపతుల కాలమున అరుగొలను కోటకు కావలి వచ్చిన యోధుల సంతతివారమని గ్రామస్థులు చెప్పుకొందురు.

1914-18 మహాసంగ్రామమునకు ఆ యూరినుండి 90 మంది, 1939-45 సంగ్రామమునకు వేయిమందికి పైగా వెడలిరని ప్రతీతి. ఒక్క పల్లెనుండి ఇందరు కదలుట సామాన్యమా! స్వాతంత్ర్యానంతరము 1962లో చీనాతోను, 1965, 1971లలో పాకిస్తానుతోను జరిగిన పోరులందును ఆ యూరివారు పాల్గొనిరి.

భారత ఉద్యోగపర్వమున, ఓడి నిరుత్సాహియై పడియున్న కుమారుని విదుల యను తల్లి యుద్ధమునకు పురికొల్పిన కథను కుంతి తన కొడుకులకు చెప్పి పంపినది. ఆ తల్లి మాటను వ్యాసుడు నిలిపెను. కొడుకును రైలెక్కించి వచ్చి, ఉత్తరమునకై నెలలు కనిపెట్టుకొని, పొలమును పసిపిల్లలను సాకిన మాధవరపు తల్లుల మాట నెవరు నిలుపుదురు?

వృద్ధసైనికుడు గతమును తలచునపుడు తన శౌర్యముకంటె, ప్రక్కన నేలకొరిగిన చెలికానినే మున్ముందు తలచును. రెండవ సంగ్రామమును చూచినవారిలో పెక్కండ్రు కాలధర్మము నొందిరి. శిల పేరును నిలుపును. కథను నిలుపునది గ్రంథమే. 1971 నాటి వృద్ధులుండగనే వారి నోటిమాటను, వారి యిల్లాండ్ర మాటను వ్రాసి భద్రపరచుట గ్రంథాలయముల ధర్మము.