తెరమీఁది శాసనము

బడిలో చరిత్ర చెప్పుటకు అంతర్జాలము ఎంతవఱకు ఉపకరించును, ఎచ్చట మోసపుచ్చును అనునది నేఁటి నా ప్రసంగ విషయము. గ్రామములలో పెద్దలై పిల్లల చదువును కనిపెట్టియుండు శ్రోతలకు ఇది ముఖ్యముగా తెలియఁదగినది.

క్రొత్త సాధనము బడిలోనికి వచ్చుట ఇదియే మొదలు కాదు. ఇసుకలో ఓనమాలు దిద్దిన కాలము పోయి పలక వచ్చినది. తాటియాకు పోయి అచ్చు పుస్తకము వచ్చినది. 1904లో హనుమకొండయందు రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసి, తెలుఁగు గ్రంథములు చదువఁగోరువారికి ఒక నెలవైనది. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు అమెరికావారి ఉపగ్రహ సహాయమున ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు చేరినవి. అందు మన తెలుఁగు పల్లెలును కలవు. 2020లో కరోనా వ్యాధిచే బడులు మూఁతవడఁగా, సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా పాఠములు చెప్పించెను. కావున సాధనము క్రొత్తదని వెఱవవలసిన పని లేదు. దానితో ఏమి చేయుచున్నామనునదే ప్రశ్న.

మొదట మేలును చెప్పెదను. మన వేయిస్తంభముల గుడియందు రుద్రదేవుని శాసనము కలదు. అది శాలివాహన శకము 1084, అనఁగా క్రీ. శ. 1163 నాఁటిది, అచింతేంద్రకవి రచన. దానిని ఫ్లీటు దొర 1882లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ యను పత్రికయందు ప్రకటించెను. ఆ సంపుటమును చూడవలెనన్న మా కాలమున పెద్ద నగరములోని గ్రంథాలయమునకు పోవలసియుండెడిది. నేఁడు ఆ పుటలే అంతర్జాలమున వెల లేకయే దొరకుచున్నవి. పల్లెబడి పిల్లవాఁడు శాసనస్తంభమునొద్ద నిలిచి, సెల్‌ఫోనులో దాని పాఠమును విప్పి చూడవచ్చును. ఇది సామాన్యమైన భాగ్యము కాదు.

ఇఁక చిక్కును వినుఁడు. ఒకప్పుడు తరగతిలో, రుద్రమదేవి మరణించినది ఏ సంవత్సరమున అని అడిగి, మఱునాఁడు వెదకి తెండని చెప్పితిని. ఒక బాలిక 1289 అని తెచ్చినది. ఒక బాలుఁడు 1295 అని తెచ్చెను. ఇద్దఱును తెరమీఁదనే చూచిరి. “అయ్యా, అందులోనే ఉన్నది గదా!” యని ఇద్దఱును వాదించిరి.

మన తర్కశాస్త్రమున బాలురకు చెప్పు తొలి పాఠమే ఇచ్చట అక్కఱకు వచ్చినది. తెలివికి ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగు. శబ్దమనఁగా ఎవరో చెప్పిన మాట కాదు, ఆప్తుని మాట. ఆప్తుఁడనఁగా ఉన్నదున్నట్లు చెప్పువాఁడు. తెరమీఁద కనఁబడినంత మాత్రమున ఏ మాటయు ఆప్తవాక్యము కానేరదు.

నల్లగొండ జిల్లాలో చందుపట్ల యను గ్రామము కలదు. అచ్చట 1289లో పువ్వుల ముమ్మడి యనువాఁడు వేయించిన శాసనము, శివలోకమును పొందిన రుద్రమదేవికిని మల్లికార్జున నాయకునికిని పుణ్యము కలుగుటకై సోమనాథదేవరకు భూమి ఇచ్చినట్లు చెప్పుచున్నది. అప్పటికి ఆమె గతించినదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? ఈ శాసనము వెలుఁగులోనికి రాకముందు వ్రాసిన పుస్తకములు ఆమె 1295 ప్రాంతము వఱకు ఏలినదనెను. వానిని చూచి వ్రాసిన పుటలు నేఁటికిని తెరమీఁద నిలిచియున్నవి. ఆమె అంబదేవునితోడి పోరున మడిసెనని పెక్కురు చెప్పుదురు. అది పండితుల అనుమానమే గాని శాసనములోని మాట కాదు. ఏది సాక్ష్యమో, ఏది ఊహయో వేఱుపఱచుటయే చరిత్ర పాఠము.

తప్పులు అంతర్జాలముతోనే పుట్టలేదు. మోటుపల్లిని గూర్చి వ్రాసిన మార్కో పోలో, అచ్చటి రాణి భర్త పోయిన పిదప రాజ్యమేలినదనెను. ఆ రాణి రుద్రమదేవియే; కాని ఆమె గణపతిదేవుని భార్య కాదు, కూఁతురు. 1261 నాఁటి మల్కాపుర శాసనము ఈ సంగతిని స్పష్టపఱచుచున్నది. అయిన నాఁడు పొరపాటు ఓడపై తిరిగెను. నేఁడు నిమిషములో వేయి యిండ్లకు పోవును. ఇటీవల, అడిగినదానికి మనుష్యునివలె బదులు చెప్పు యంత్రములును వచ్చినవి. అవి చక్కని మాటలు చెప్పును. ఎందును చూచి చెప్పెనో మనము నిలదీసి అడుగవలెను.

కావున ఇంట పెద్దలు ఒక్క పని చేయవలెను. బిడ్డ ఫోనులో చూచి ఏదైనను చెప్పినప్పుడు మూఁడు ప్రశ్నలు వేయుఁడు: ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? దేనిని చూచి చెప్పిరి? ఇందులకు ఇంగ్లీషు రానక్కఱలేదు, యంత్రము తెలియనక్కఱలేదు. ఫోను లేని యింటి బిడ్డను కూడ ప్రక్కన కూర్చుండఁబెట్టుకొనుఁడు. లేకున్న ఈ విద్య కలవారి సొత్తుగా మిగులును.

రెండవ పని ఇంకను పెద్దది. ఒక మహారాణి మరణకాలమును నిర్ణయించినది రాజధానిలోని గ్రంథము కాదు, ఒక పల్లెలోని ఱాయి. మీ యూరి గుడియొద్దనో, చెఱువుకట్టమీఁదనో అట్టిది ఉండవచ్చును. దానిపై సున్నము పూయనీయకుఁడు, గోడలో కట్టనీయకుఁడు, బాట వేయువారు పగులఁగొట్టకుండ చూడుఁడు. పిల్లలచే ఛాయాచిత్రము తీయించి పురావస్తు శాఖవారికి తెలుపుఁడు. చదువఁబడక మునుపే ఱాయి నశించిన, అందలి మాట ఏ తెరమీఁదను ఎన్నటికిని కనఁబడదు.