పథ్యంగా పుట్టిన కొవ్వు భోజనం

అన్నం, రొట్టె మానేసి కొవ్వుతో కడుపు నింపుకోవడం నిన్నమొన్న వచ్చిన పద్ధతి అనుకునేవారు చాలామంది. దానికి రెండు వందల ఏళ్లు దాటిన వైద్య చరిత్ర ఉంది. జాన్ రోలో అనే స్కాట్లాండ్ సైనిక వైద్యుడు కెప్టెన్ మెరిడిత్ అనే మధుమేహ రోగికి ధాన్యం, కూరగాయలు బాగా తగ్గించి ప్రధానంగా మాంసాహారం పెట్టాడు. రోగి కోలుకున్న తీరును 1797లో పుస్తకంగా అచ్చువేశాడు. 1870-71లో పారిస్ ముట్టడి నాటి తిండి కరువులో బూషార్దా అనే ఫ్రెంచి వైద్యుడు తన రోగుల మూత్రంలో చక్కెర తగ్గడం గమనించాడు. ఇన్సులిన్ లేని ఆ కాలంలో మధుమేహానికి వైద్యుల చేతిలో ఉన్న బలమైన ఆయుధం పథ్యమే. ఈ చరిత్రంతా చదివితే నాకు ఒక్క విషయం స్పష్టంగా కనిపిస్తుంది: ఫలానా జబ్బుకు, ఫలానా మోతాదులో, వైద్యుడి కనుసన్నల్లో నడిచినప్పుడు ఈ భోజనం మేలు చేసింది. అందరికీ అన్ని జబ్బులకూ మందని చాటినప్పుడల్లా దాని ఖ్యాతి రుజువులను మించిపోయింది.

బరువు తగ్గడానికి ఈ దారి చూపినవాడిగా లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారం చేసిన విలియం బాంటింగ్ పేరు చెబుతారు. చెవుడుతో బాధపడుతూ విలియం హార్వే అనే వైద్యుడి దగ్గరికి వెళ్తే, ఆయన రొట్టె, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానమన్నాడు. కాలేయానికీ చక్కెరకూ ఉన్న సంబంధం గురించి క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు హార్వేకు ఆ ఆలోచననిచ్చాయి. ఏడాదిలో బాంటింగ్ 46 పౌండ్లు, అంటే సుమారు 21 కిలోలు తగ్గి, 1863లో ఆ సంగతంతా చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. ఇప్పటి ప్రచారకులు ఆయన్ను మూలపురుషుడిగా చెప్పుకుంటారు గానీ, ఆయన మానేసిన వాటిలో వెన్న కూడా ఉంది. పిండిపదార్థాలు తగ్గించడం, కొవ్వు పెంచడం అనేవి వేర్వేరు దారుల్లో వచ్చిన రెండు పనులు. వాటిని ఒకటిగా కలిపేసి మాట్లాడటం వల్లే నేటి వాదాల్లో సగం గందరగోళం.

కొవ్వు అసలు గద్దెనెక్కింది మూర్ఛ వైద్యంలో. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతాయని వైద్యులు అప్పటికే గమనించారు. కానీ ఎదిగే పిల్లలను ఎన్నాళ్లు పస్తులుంచగలరు? పిండిపదార్థాలు దాదాపుగా ఆపేసి కొవ్వు పెడితే, ఉపవాసంలో లాగే కాలేయం కొవ్వును కీటోన్లుగా మారుస్తుందని, ఆ ఫలితం తిండి తింటూనే పొందవచ్చని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ సూచించాడు. 1925 నాటికి అక్కడే పీటర్‌మన్ అనే వైద్యుడు లెక్క ఖాయం చేశాడు: కిలో బరువుకు ఒక గ్రాము మాంసకృత్తులు, రోజుకు 10 నుంచి 15 గ్రాముల పిండిపదార్థాలు, మిగతా శక్తి అంతా కొవ్వు నుంచే. ప్రతి ముద్దా తూకం వేసి పెట్టాల్సిందే. 1938లో ఫెనిటాయిన్ మందు వచ్చాక ఈ పథ్యం వెనకబడింది. అయితే మందులకు లొంగని ఫిట్స్ ఉన్న 145 మంది పిల్లలతో లండన్‌లో జరిపి 2008లో ప్రచురించిన ప్రయోగంలో, మూడు నెలలకు పథ్యం పాటించిన వర్గంలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. పాటించని వర్గంలో 6 శాతానికే. ఇది చిన్న విజయం కాదు. మందులు చేతులెత్తేసిన చోట తల్లిదండ్రులకు దొరికిన ఆసరా. అదే పథ్యం వల్ల మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్లు, ఎదుగుదల మందగించడం కూడా నమోదయ్యాయి. అందుకే వైద్యులు దాన్ని మందును చూసినట్టే జాగ్రత్తగా చూశారు.

న్యూయార్క్ వైద్యుడు రాబర్ట్ అట్కిన్స్ 1972లో తెచ్చిన పుస్తకంతో ఈ భోజనం ఆసుపత్రి గడప దాటి ఇళ్లకు చేరింది. బరువు నిజంగానే తగ్గుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. తగ్గుతుంది, కాదనలేం. మొదటి వారాల్లో పోయేది చాలావరకు నీరే అయినా, ఆ తర్వాత కొవ్వూ కరుగుతుంది. ప్రశ్న ఎంతకాలం నిలుస్తుందన్నది. 63 మంది ఊబకాయులపై జరిపి 2003లో వెలువరించిన ప్రయోగంలో ఆరు నెలలకు అట్కిన్స్ పద్ధతి ముందుంది. ఏడాదికి తేడా చెప్పుకోదగ్గది కాకుండా పోయింది. 2018లో 609 మందితో వచ్చిన ఫలితం ఇంకా స్పష్టం: ఏడాదికి పిండిపదార్థాలు తగ్గించినవారు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు తగ్గారు. గణాంక శాస్త్రం ఆ తేడాను తేడాగా ఒప్పుకోలేదు. ఉత్తర ధ్రువ ప్రాంత ప్రజలు మాంసం, కొవ్వు మీదే బతికారు కదా అన్నది మరో వాదన. అక్కడ గడిపి వచ్చిన అన్వేషకుడు స్టెఫాన్సన్ 1928లో న్యూయార్క్ ఆసుపత్రి వైద్యుల పర్యవేక్షణలో ఏడాదిపాటు మాంసాహారంతోనే గడిపాడు, ఆరోగ్యంగానే ఉన్నాడు. అది గట్టి మనిషి బతకగలడని చెబుతుంది. మన ఊళ్లో మంచానికీ కుర్చీకీ మధ్య బతుకు గడిపే షుగరు రోగికి పదేళ్లకు ఏమవుతుందో చెప్పదు.

ఇక మన సంగతి. కొన్నేళ్ల కిందట తెలుగు రాష్ట్రాల్లో కొబ్బరినూనె ప్రధానంగా సాగిన డైట్ ప్రచారానికి జనం వెల్లువెత్తడం వెనక ఒక నిజమైన బాధ ఉంది, దాన్ని తేలిక చేయకూడదు. మన కంచంలో తెల్లన్నం మరీ ఎక్కువ. భారతీయుల ఆహారశక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని లక్షా ఇరవై వేల మందికి పైగా పెద్దలను పరిశీలించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2025లో తేల్చింది. అన్నం తగ్గించమన్నవాళ్లు ఆ మేరకు సరిగ్గానే చెప్పారు. అయితే అదే అధ్యయనంలో, పిండిపదార్థాల్లో కొంత భాగం బదులు పప్పులు, పాలు, గుడ్లు, చేపల మాంసకృత్తులు తీసుకుంటే మధుమేహ ముప్పు తక్కువగా కనిపించింది. కొవ్వు తీసుకుంటే ఆ ప్రయోజనం కనిపించలేదు. తగ్గించిన అన్నం స్థానంలోకి గిన్నెడు నూనె రానక్కరలేదు, గరిటెడు పప్పు చాలు.

అయినా ఈ పథ్యం పాటించి తీరాలనుకునేవారికి ఒక్క మాట. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడుతూ ఒక్కసారిగా అన్నం ఆపేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారికి రక్తంలో ఆమ్లాలు పేరుకునే ముప్పూ ఉంది. కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. మొదలుపెట్టే ముందే మీ డాక్టరుకు చెప్పి మందుల మోతాదు మార్పించుకోండి, కొలెస్ట్రాల్, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోండి.